తూకం వేశాకే ఎక్కించండి

పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ గారికి,

2001 ఆగస్టు 25న బహామాస్‌లోని మార్ష్ హార్బర్‌లో బయల్దేరిన సెస్నా 402 రన్‌వే దాటీ దాటగానే కూలింది. అమెరికన్ గాయని ఆలియా సహా తొమ్మిది మందీ పోయారు. పైలట్‌కి ఆ విమానం నడిపే అనుమతి లేదు, ఒంట్లో కొకైన్ ఆనవాళ్లు కనిపించాయి. అది చాలక బరువొకటి! పరిమితికి మించి 300 కిలోలకు పైగా, అదీ తోక వైపు మొగ్గింది. వెనక భారమైతే ముక్కు పైకి లేస్తుంది, వేగం పడిపోతుంది, రెక్కలు విమానాన్ని మోయలేవు. అంత తక్కువ ఎత్తులో సర్దుకునే వ్యవధి ఎవరికీ దొరకదు.

మన దగ్గరా ఎన్నికలొస్తే చార్టర్ విమానాలకు గిరాకీ. నాయకుడి వెంట అనుచరులు, వాళ్ల వెంట సూట్‌కేసులు. లోడ్ షీట్‌లో సగటు బరువులు రాసేస్తే చిన్న విమానానికి సరిపోదు. తూకం ఎక్కమంటే పెద్దమనుషులకు నామోషీ అంటారా? తిరుమలలో తులాభారానికి కూర్చునేది వాళ్లే కదా.

పది సీట్లలోపు చార్టర్లలో మనిషినీ, సామాన్నీ నిజంగా తూచాలని ఆదేశించండి. బరువు ఎక్కువైతే ఎగరనన్న పైలట్‌పై ఒత్తిడి తెచ్చే యజమాని లైసెన్సు రద్దు చేయండి.

ఇట్లు,
ఒక ప్రయాణికుడు