వడ్డీ లేని అప్పుకు గడువే గండం

మార్చి నెల వచ్చిందంటే పొట్టంగి మొదలు గుణుపురం వరకు సహకార సంఘాల ముందు, బ్యాంకుల ముందు ఒకే దృశ్యం కనిపిస్తుంది. రైతు సంచిలో డబ్బు తెచ్చి పాత అప్పు జమ చేస్తాడు. కొద్ది దినాలలో దాదాపు అదే మొత్తం కొత్త అప్పుగా అతని చేతికి వస్తుంది. ఆ డబ్బు పొలానికీ చేరదు, ఇంటికీ చేరదు. జమ చేయడానికి చేబదులిచ్చిన వ్యాపారి వద్దకే నేరుగా వెళ్లిపోతుంది. “మాస్టారూ, ఒక్క వారం లక్ష రూపాయలు సర్దండి, వడ్డీ లేని అప్పు నిలబడుతుంది” అని నన్ను అడిగినవారూ ఉన్నారు.

గడువు తీరకముందే అప్పును ఒక చోటి నుండి మరొక చోటికి మార్చడం తప్పు కాదు. అయితే ఆ మార్పిడికి ఎంత ఖర్చవుతుంది, మార్చిన తరువాత అప్పు తగ్గుతుందా అన్న రెండు ప్రశ్నలు వేసుకోకుండా మార్చడం ప్రమాదకరం. పల్లెలోని కిసాన్ కార్డుకైనా, పట్టణంలోని క్రెడిట్ కార్డుకైనా ఇదే సూత్రం వర్తిస్తుంది.

నోటుకు మూడేళ్లు, కార్డుకు ఏడాది

ప్రామిసరీ నోటుకు చట్టప్రకారం మూడేళ్ల కాలపరిమితి ఉన్నది. అది దాటకముందే నోటు తిరగరాయించడం మన తాతల నాటి నుండి వస్తున్న అలవాటు. తిరగరాసిన ప్రతిసారీ పాత వడ్డీ కొత్త నోటులో అసలుగా మారుతుంది. 1998లో ప్రారంభమైన కిసాన్ క్రెడిట్ కార్డు ఈ చక్రం నుండి రైతును తప్పించడానికే వచ్చినది. కానీ తిరగరాసే అలవాటు మాత్రం మనతోపాటే బ్యాంకు గడప దాటింది.

ఈ అప్పు నిబంధనలను ఒకసారి పరిశీలిద్దాం. కేంద్ర ప్రభుత్వ పథకం కింద 3 లక్షల రూపాయల వరకు పంట అప్పుపై వడ్డీ 7 శాతం. గడువులోగా చెల్లించిన రైతుకు అందులో 3 శాతం ప్రోత్సాహకంగా తగ్గి, 4 శాతం మిగులుతుంది. ఒడిశా ప్రభుత్వం 2022 ఏప్రిల్ 1 నుండి తన వాటా రాయితీని పెంచి లక్ష వరకు వడ్డీ లేకుండా, ఆపైన 3 లక్షల వరకు 2 శాతానికి అప్పు లభించే ఏర్పాటు చేసింది. ఈ సదుపాయమంతా సకాలంలో చెల్లించినవారికే. గడువు తప్పితే ప్రోత్సాహకం పోతుంది, గడువు తరువాతి కాలానికి బ్యాంకు మామూలు వడ్డీ మొదలవుతుంది. అనగా ఈ అప్పును వడ్డీ లేనిదిగా నిలబెట్టేది తేదీ ఒక్కటే.

లెక్క ఎక్కడ తప్పుతున్నది?

లక్ష రూపాయలు పూర్తిగా ఏడాది వాడుకొని గడువు తప్పిన రైతు, రాయితీలన్నీ పోయి 7 శాతం చొప్పున కడితే నష్టం 7,000 రూపాయలు. అదే లక్షను వ్యాపారి వద్ద నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 3,000 అవుతుంది. వారంలో తిరిగి ఇచ్చినా వ్యాపారి నెల వడ్డీ పుచ్చుకుంటాడనే అనుకుందాం. అప్పటికీ రైతుకు 4,000 మిగులుతుంది. కనుక తిరగరాయడం లాభమే అనిపిస్తుంది.

అయితే కొత్త అప్పు వారంలో మంజూరు అవుతుందన్న పూచీ ఎవరిది? భూమి పత్రం సరిగా లేదన్నా, సంఘంలో నిధులు రాలేదన్నా, ఆధార్ వేలిముద్ర కలవలేదన్నా పని ఆగిపోతుంది. రెండు నెలలు ఆగితే వ్యాపారికి 6,000, మూడు నెలలకు 9,000. మూడో నెలలో అడుగుపెట్టిన రైతు 7,000 నష్టాన్ని తప్పించుకోబోయి 9,000 పోగొట్టుకున్నవాడవుతాడు. పైగా అసలు లక్ష అలాగే ఉంటుంది. ఏటా ఇలాగే జరిగితే బ్యాంకు పుస్తకంలో అతడు సక్రమంగా చెల్లించే రైతు, ఇంటి పుస్తకంలో ఎన్నడూ అప్పు తీరని రైతు.

మహిళా సంఘాలదీ ఇదే కథ. మిషన్ శక్తి కింద 2019 ఏప్రిల్ నుండి 3 లక్షల వరకు సక్రమంగా చెల్లించే సంఘాలకు వడ్డీ లేని అప్పు లభించింది. ఆ సక్రమతను నిలుపుకోవడానికి కొందరు ఏడాదికి 20 శాతం దాటిన వడ్డీకి సూక్ష్మరుణ సంస్థల వద్ద అప్పు తేవడం విచారకరం. ఒక సంస్థ వాయిదా కోసం మరొక సంస్థ వద్ద అప్పు చేసే ఈ పద్ధతి ఎక్కడికి దారితీస్తుందో సరిహద్దుకు అవతల చూశాము. పరిస్థితి చేయి దాటిన పిమ్మట 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణాలపై ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

పట్టణపు కార్డు, షావుకారు వడ్డీ

ఇక దమన్‌జోడి, సునాబెడ, జయపురం, రాయగడలలో ఉద్యోగాలు చేసే మన పిల్లల సంగతి. వారి కార్డులకూ దాదాపు 45, 50 దినాల వడ్డీ లేని గడువు ఉంటుంది. బిల్లు పూర్తిగా కట్టినవారికే ఆ గడువు. పాత బాకీ కొంత మిగిలినా, కొత్తగా కొన్న వస్తువుపై కొన్న దినం నుండే వడ్డీ లెక్కిస్తారు.

ఈ విషయం నేను నష్టపోయి నేర్చుకున్నాను. పిల్లల చదువుకని కార్డు మీద కంప్యూటరు కొన్నాను. బిల్లులో కనిపించిన కనిష్ఠ మొత్తం కడితే చాలుననుకొని ఐదు నెలలు గడిపాను. తరువాత ఆ బాకీని వేరొక కార్డుకు మార్చి ఊపిరి పీల్చుకున్నాను. ఖాళీ అయిన పాత కార్డుతో దసరా బట్టలు కొన్నాను. సంక్రాంతి నాటికి ఒక అప్పు రెండయింది. గణితం బోధించే ఉపాధ్యాయునికి ఇంతకంటె సిగ్గుచేటు ఏముంటుంది?

నెలకు మూడున్నర శాతం అని చిన్న అక్షరాలలో వ్రాసినది, మన భాషలో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. షావుకారు మూడు రూపాయలడిగితే అన్యాయమనే మనం, కార్డు మూడున్నర అడిగితే గమనించము. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం మించరాదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన ఆదేశాన్ని 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు కొట్టివేసింది. కనుక ఆ రక్షణ కూడా ఇప్పుడు లేదు.

40,000 బాకీపై మూడున్నర శాతం చొప్పున నెలకు 1,400, దానిపై 18 శాతం జీఎస్టీ 252, మొత్తం 1,652. రెండు నెలలు వడ్డీ లేకుండా మరొక కార్డు ఆ బాకీని 2 శాతం రుసుముకు తీసుకుంటే, జీఎస్టీతో కలిపి ఖర్చు 944. రెండు నెలల వడ్డీ 3,304తో పోల్చితే 2,360 మిగులుతుంది. ఆ రెండు నెలల్లో 40,000 తీర్చగలిగినవారికి ఇది మేలు. తీర్చలేనివారికి మూడో నెల నుండి మళ్లీ వడ్డీ తప్పదు.

రెండు రాష్ట్రాల నడుమ

సరిహద్దు కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. సాలూరు, పార్వతీపురం వైపు బంధువులు చెప్పిన నియమం ఇక్కడ వర్తించకపోవచ్చు. 2019-24 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో లక్ష లోపు పంట అప్పును ఏడాదిలో వడ్డీతో చెల్లించిన రైతుకు, ఆ వడ్డీ తరువాత ఖాతాలో జమ అయ్యేది. ఒడిశా పద్ధతి వేరు. రెండు ప్రభుత్వాల పథకాలూ వినిపించే కొటియా వంటి గ్రామాలలో పొరపాటుకు అవకాశం మరీ ఎక్కువ. దీనికి తోడు 2025 మే 1న ఉత్కళ్ గ్రామీణ బ్యాంకు ఒడిశా గ్రామీణ బ్యాంకులో కలిసింది. పాత పాస్‌పుస్తకం ఉన్నవారు తమ ఖాతా వివరాలనూ, గడువు తేదీనీ శాఖలో సరిచూసుకోవడం మంచిది. కాగితం ఒడియాలో, ఫోను సందేశం ఆంగ్లంలో, ఇంటి మాట తెలుగులో ఉన్నచోట తేదీ జారిపోవడం ఆశ్చర్యం కాదు.

చేయవలసినది

మార్చి దాకా ఆగకుండా, జనవరిలోనే గడువు తేదీని, కట్టవలసిన మొత్తాన్ని వ్రాయించి తెచ్చుకోవాలి. పత్తి డబ్బు, వరి డబ్బు చేతికి రాగానే కొంతైనా ముందుగా జమ చేస్తే, చివరి దినాన చేబదులు తేవలసిన మొత్తం తగ్గుతుంది. కొత్త అప్పు ఎన్ని దినాలలో వస్తుందో సంఘం కార్యదర్శిని ముందే అడగాలి. స్పష్టమైన జవాబు రానప్పుడు మూడు రూపాయల వడ్డీకి పోవడం కంటె బ్యాంకు వడ్డీ భరించడమే నయం కావచ్చు. ప్రభుత్వం ప్రకటించిన ప్రకృతి వైపరీత్యంలో పంట పోయినచోట గడువు పొడిగించే ఏర్పాటు ఉన్నది. దానికి దరఖాస్తు చేసుకోవాలి.

కార్డు బాకీ మార్చినవారు పాత కార్డును మూసివేయాలి. బాకీ లేని కార్డును, కోరిన 7 పనిదినాలలో మూసివేయకపోతే దినానికి 500 రూపాయల చొప్పున బ్యాంకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన. సూక్ష్మరుణ సంస్థ ఇచ్చే అప్పు కార్డు మనకు అర్థమయ్యే భాషలో ఉండాలన్నది కూడా 2022 నుండి నియమమే. తెలుగులో అడగడానికి సంకోచించవద్దు. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 దినాలు గడిచినా పరిష్కారం లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 14448 నంబరులో తెలుగులోనూ, ఒడియాలోనూ వివరాలు లభిస్తాయి.

వచ్చే మార్చిలో అప్పు తిరగరాయించే ప్రతి కుటుంబమూ గత ఏటి రసీదును పక్కన పెట్టుకొని చూడాలి. నిరుడు లక్ష, ఈ ఏడు తొంభై వేలు అయితే ఆ ఇల్లు గట్టెక్కుతున్నది. రెండు రసీదులలోనూ లక్షే ఉన్నదంటే, ఏడాదంతా మనం మోసినది వ్యాపారి వడ్డీని మాత్రమే.