జర్మనీ చదువునకు మెట్ట తాలూకాల సన్నాహము

జగ్గయ్యపేట చెంతనున్న ధనంబోడు దిబ్బను 1882వ సంవత్సరమున జేమ్స్ బర్జెస్ త్రవ్వించినప్పుడు బయల్పడిన బౌద్ధ స్తూపమును గూర్చియు, దాని ఆయక స్తంభములపై బ్రాహ్మీలిపిలో చెక్కిన ప్రాకృత శాసనములను గూర్చియు మన ప్రాంతపు పెద్దలు పలువురు వినియే యుందురు. ఇక్ష్వాకు ప్రభువగు వీరపురుషదత్తుని ఇరువదియవ రాజ్యసంవత్సరమున సిద్ధార్థుడను శిల్పి, వేలగిరి మహాచైత్యపు తూర్పు ద్వారమున ఐదు స్తంభములు నిలిపి బుద్ధభగవానునకు అర్పించెనని ఆ శాసనము చెప్పుచున్నది. అయితే దానిని చదివి విద్వల్లోకమునకు తెలిపిన జార్జి బ్యూలర్ జర్మను పండితుడనియు, గొట్టింగెన్‌లో విద్యనభ్యసించి, బొంబాయిలో చిరకాలము పనిచేసి, అప్పటికి వియన్నా నగరమున ఆచార్యుడుగా నుండెననియు, తాను చదివిన పాఠమును ఇంగ్లీషు వివరణముతో ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో ప్రకటించెననియు ఎరిగినవారు కొలదిమంది. మన ఊరి రాతిపై నున్న మాట, జర్మను విద్యాపీఠమున శిక్షితమైన కంటికి అందినందువలననే, ఇంగ్లీషు చదువరుల చెంతకు చేరినది.

నందిగామ, కంచికచర్ల, జగ్గయ్యపేట, పెనుగంచిప్రోలు ప్రాంతములలో ఇంజనీరింగు ముగించిన బిడ్డలు అమెరికాతోపాటు ఇప్పుడు ఆ బ్యూలర్ పుట్టిన జర్మనీ దిక్కునకును చూచుచున్నారు. 2023-24 శీతకాలపు సెమిస్టరున జర్మనీ విద్యాలయములలో చదివిన భారతీయులు 49 వేలకు పైబడిరి. అంతకు ముందటి సంవత్సరమే చైనావారిని దాటి, అక్కడి విదేశీ విద్యార్థులలో మనవారు ప్రథమస్థానమునకు వచ్చియుండిరి. 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట నీటితో డెల్టా తాలూకాలు పండినట్లు మన మెట్ట తాలూకాలు పండలేదు. వానను, పత్తిని, మిరపను నమ్ముకొన్న కుటుంబములకు, ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పెక్కింట బోధన రుసుము లేని దేశము ఆదరువుగా కనబడుట సహజమే. వారు ఎన్నుకొనుచున్న శాఖలలో సమాచార నిర్వహణ, అనగా ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్, ఒకటి. దానిని కొన్ని విద్యాలయములు జర్మను, ఇంగ్లీషు భాషలు రెంటిని కలిపి బోధించుచున్నవి.

ఈ రెండు భాషల చదువును గూర్చి మన ఊళ్లలో ప్రబలిన ఒక అభిప్రాయము మిక్కిలి హానికరమని నా దృఢవిశ్వాసము. కీసర టోల్‌గేటు చెంత రుసుము చెల్లించి హైదరాబాదు దారి పట్టినట్లు, జర్మను పరీక్ష ఒకటి ఎట్లో గట్టెక్కి సర్టిఫికెట్టు చూపినచో అటుపైన ఇంగ్లీషే సర్వమును నడిపించునని తల్లిదండ్రులు తలచుచున్నారు. కన్సల్టెన్సీలవారు పెక్కుమంది ఆ తలపునే బలపరచుచున్నారు. ఆ మాట నమ్మి అప్పుచేసి పంపిన కుటుంబమునకు కలుగు నష్టము ధనముతో ముగియదు. ఆ విద్యలో సగభాగము జర్మను భాషయే గనుక, భాషను విడిచి పోయినవాడు సగము విద్యను ఇంటివద్దనే విడిచి పోయినవాడగును.

ఎందుచేతనన, సమాచార నిర్వహణమునకు కంప్యూటరు ఒక పనిముట్టు మాత్రమే. ఒక కార్యాలయమున గాని, కర్మాగారమున గాని, ఆసుపత్రిలో గాని ఏ విషయము ఎక్కడ పుట్టుచున్నది, దానిని నమోదు చేయువారెవరు, ఏ పేరుతో భద్రపరచవలెను, ఎంతకాలము దాచవలెను, ఎవరికి చూపవచ్చును, ఎవరికి చూపరాదు, పదియేండ్ల పిదప వెదకువానికి అది ఏ మార్గమున దొరకవలెను అను ప్రశ్నలకు సమాధానము కూర్చుటయే ఆ శాస్త్రము పని. ఈ ప్రశ్నలలో ఏ ఒక్కటియు యంత్రము ముందు కూర్చుండినంతమాత్రమున తేలదు. గుమాస్తాను అడుగవలెను, గిడ్డంగి కాపరిని అడుగవలెను, వారు ఒక వస్తువును ఏమని పిలుచుచున్నారో, ఏ కాగితమును ఏ కాగితముతో జతపరచుచున్నారో వారి నోటివెంటనే వినవలెను. జర్మనీలోని చిన్న పట్టణముల కుటుంబ పరిశ్రమలలోను, పురపాలక కార్యాలయములలోను ఈ సంభాషణ యంతయు జర్మనులోనే సాగును. 2018 మే 25 నుండి ఐరోపా సమాఖ్య యంతట అమలులోనున్న వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధన ఇంగ్లీషులోను చదువ దొరకును గాని, దానికి తోడుగా జర్మనీ చేసికొన్న చట్టము, రాష్ట్రములు చేసికొన్న చట్టములు, వాటిపై న్యాయస్థానముల తీర్పులు చాలవరకు జర్మనులోనే యుండును. హిల్డెస్‌హైమ్ విశ్వవిద్యాలయము ‘అంతర్జాతీయ సమాచార నిర్వహణ’ అను తన శాఖలో సమాచార శాస్త్రమును, భాషాశాస్త్రమును, భిన్న సంస్కృతుల నడుమ సంభాషణను ఒకే పట్టాలో ముడివైచినదన్నచో, భాషలకు ఆ విద్యలోగల స్థానము అక్కడివారికి ఎంత స్పష్టముగా తెలియునో మనము గ్రహింపవచ్చును.

సమాచారమును ఒక క్రమమున పెట్టుటలో ఆ జాతి చూపిన శ్రద్ధ మన ఇండ్లలోనికే వచ్చియున్నది. నందిగామ జెరాక్సు దుకాణమున మనము వాడు ఏ4 కాగితపు కొలత 1922లో జర్మనీ ప్రమాణ సంస్థ నిర్ణయించినది. సగమునకు మడచినను పొడవు వెడల్పుల నిష్పత్తి మారకుండుట దాని సూత్రము. హైదరాబాదు అమీర్‌పేటలో మన యువకులు వేలకొలదిగా నేర్చిన ఎస్‌ఏపీ అను వ్యాపార సాఫ్ట్‌వేరు, 1972లో ఐదుగురు జర్మను ఇంజనీర్లు స్థాపించిన సంస్థది. దాని పట్టికలలో వస్తువు సంఖ్యను ‘ఎమ్ఏటీఎన్ఆర్’ అనియు, కొనుగోలుదారు సంఖ్యను ‘కేయూఎన్ఎన్ఆర్’ అనియు కంఠస్థము చేసినవారిలో అవి జర్మను పదముల కుదింపులని ఎరిగి నేర్చినవారు అరుదు. ఎరిగి నేర్చినవానికి ఆ పట్టికల వెనుకనున్న లెక్కల పద్ధతి, వ్యాపారపు అలవాటు, చట్టపు కట్టుబాటు ఒక్కొక్కటిగా బోధపడును.

ఇక ఖర్చును గూర్చియు, నియమములను గూర్చియు ఉన్నదున్నట్లు చెప్పవలసియున్నది. మన విద్యార్థులు వీసా కోరుటకు పూర్వము సాధారణముగా తమ చదువు పత్రములను సరిచూపించుకొని ఏపీఎస్ ధ్రువపత్రము పొందవలెను. ఈ నియమము 2022 నవంబరు నుండి వచ్చినది, రుసుము 18,000 రూపాయలు. జీవనవ్యయమునకై ఒక సంవత్సరమునకు సరిపడు ధనమును బ్లాక్డ్ అకౌంటులో ముందుగానే ఉంచవలెను. 2024 సెప్టెంబరు నుండి ఆ మొత్తము 11,904 యూరోలు, మన లెక్కలో 11 లక్షలో 12 లక్షలో అగును. ఇది ఫీజు కాదు, విద్యార్థి సొమ్మే. నెలకు 992 యూరోల చొప్పున అతనికే తిరిగి చేరును. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రమున మాత్రము ఐరోపా సమాఖ్యకు వెలుపలి విద్యార్థులు సెమిస్టరునకు 1,500 యూరోలు చెల్లింపవలెను. ఇంటర్మీడియట్ మాత్రమే ముగించినవారికి అక్కడి బ్యాచిలర్ తరగతిలో నేరుగా ప్రవేశము సామాన్యముగా లభింపదు. ఇక్కడ డిగ్రీలో ఒక సంవత్సరము జయప్రదముగా చదువుటయో, జేఈఈ అడ్వాన్స్‌డ్ నెగ్గుటయో, లేక అక్కడి సన్నాహక పాఠశాలలో చేరి పరీక్షనిచ్చుటయో అవసరము. చదువుచు సంవత్సరమునకు 140 పూర్తి దినములు పనిచేయవచ్చును, పట్టా పొందిన పిదప ఉద్యోగము వెదకుకొనుటకు 18 నెలల గడువు కలదు. ఈ రెండు సౌకర్యములును కాగితము మీద అందరికిని సమానమే. కాని తన శాఖకు తగిన పని దొరకుట, గిడ్డంగిలో పెట్టెలు మోయుటతో సరిపెట్టుకొనుట అను రెంటి నడుమ భేదమును నిర్ణయించునది చాలవరకు జర్మను భాషయే. శ్రమలో తక్కువ పని లేదు. అయినను సమాచార శాస్త్రము నేర్వబోయిన బిడ్డ తన శాస్త్రపు గడప లోపలికి అడుగిడలేకపోవుట బాధాకరము.

భాషా పరిజ్ఞానమును ఐరోపావారు ఏ1 మొదలు సీ2 వరకు ఆరు మెట్లుగా విభజించిరి. రెండు భాషల చదువులకు ఏ మెట్టు చాలునో ఒక్కొక్క విద్యాలయము ఒక్కొక్కవిధముగా నిర్ణయించును. కేవల జర్మను బోధనకు సాధారణముగా సీ1 కావలెను. మూడు నెలల శిక్షణతో ఏ1 సర్టిఫికెట్టు చేతబట్టి విమానమెక్కువానికి తరగతిలో ఆచార్యుడు చెప్పునది పదింట ఒకపాలైనను అందునని నేను తలపను. డిగ్రీ మూడవయేట మొదలిడి రెండేండ్లు నిలకడగా సాధన చేసినచో, బీ1, బీ2 మెట్లు మన బిడ్డల శక్తికి మించినవి కావు. పూర్వము నిజాం సరిహద్దున నుండి, సంతలో తెలుగును కచేరీలో ఉర్దూను వినుచు పెరిగిన జగ్గయ్యపేట ప్రాంతమువారికి రెండు భాషలలో మెలగుట క్రొత్త సంగతి కానేకాదు.

ఈ సందర్భమున కొమర్రాజు లక్ష్మణరావుగారిని స్మరింపక ముందుకు సాగజాలను. 1877లో పెనుగంచిప్రోలున పుట్టి, పసితనముననే తండ్రిని గోల్పోయి, అక్కయగు భండారు అచ్చమాంబగారి యింట నాగపురమున పెరిగిన ఆ బాలుడు, తెలుగు వినబడని ఊరిలో మరాఠీ నేర్చి, మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాయగల పండితుడాయెను. బడికి పోని అక్కయు తమ్ముని చదువు వెంటనే చదివి, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించినది. లక్ష్మణరావుగారు ఎం.ఏ. పట్టముతో తిరిగివచ్చి, నిజాం రాజ్యము నడుమ కృష్ణాజిల్లా ద్వీపముగా నుండిన మునగాల సంస్థానమున దివానుగా పనిచేయుచు, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిన వారిలో ముఖ్యుడాయెను. నందిగామలో జన్మించి, తరువాత ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావుగారును ఆ మండలికి తోడ్పడినవారే. పరభాషలలో తాను చూచిన జ్ఞానమునంతను అకారాది క్రమమున తెలుగువాని ముంగిట నిలుపవలెనని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును ఆరంభించి, ఎవరేది వ్రాయగలరో వెదకి, వ్రాసినవానిని సరిచూచి, వ్రాయువారు లేని విషయములను తానే వ్రాసి, మూడు సంపుటములు వెలువరించి, ‘అ’కారమైనను కడముట్టకమునుపే 1923లో ఆయన దివంగతుడాయెను. విషయమును సేకరించి, పేరు పెట్టి, క్రమమున నిలిపి, కావలసినవానికి దొరకునట్లు చేయుటయే సమాచార నిర్వహణమన్నచో, ఆ విద్యకు మన మెట్ట తాలూకాలో ఇంతకు మించిన పూర్వాచార్యుడు వేరొకడు లేడు.

ఆయన కాలముననే జర్మనీలో థియోడర్ ఆఫ్రెక్ట్ అను పండితుడు, లోకమున ఏ గ్రంథాలయమున ఏ సంస్కృత వ్రాతప్రతి కలదో పట్టికలన్నిటిని శోధించి, 1891 మొదలు 1903 వరకు లైప్‌జిగ్ నగరమున మూడు భాగములుగా ‘కెటలోగస్ కెటలోగోరమ్’ అచ్చువేయించెను. జర్మను పండితుడు కూర్చిన ఆ సూచికకు వివరణభాష ఇంగ్లీషు. దానిని నవీకరించు కార్యమును మద్రాసు విశ్వవిద్యాలయము 1935లో చేపట్టినది. తెలుగు శాసనములకు, తాళపత్రములకు, పాత పత్రికలకు, దస్తావేజులకు అట్టి ఏకసూచిక నేటికిని అందరి చేతికి అందునట్లు ఏర్పడలేదు. జగ్గయ్యపేట స్తూప శిల్పములలో ప్రసిద్ధమైన చక్రవర్తి ఫలకము చెన్నపట్టణపు మ్యూజియమున నున్నది. ఆ ఊరి బాలుడు దానిని గూర్చి తెలిసికొనగోరినచో నూటనలువదియేండ్ల నాటి ఇంగ్లీషు సంపుటములను వెదకుకొనవలసినదే. జర్మనీలో సమాచార నిర్వహణ నేర్చు తెలుగు బిడ్డలు తమ పరిశోధన వ్యాసములకు, ప్రాజెక్టులకు ఇట్టి మన వస్తువులను ఎన్నుకొందురేని, అక్కడి ఆచార్యులును హర్షింతురు, ఇక్కడి ప్రజకును మేలగును. అందులకు తెలుగు చక్కగా చదువను వ్రాయను వచ్చియుండవలెను. తెలుగును ఇంటర్మీడియట్‌లోనే వదలివేసినవానికి ఆ భాగ్యము దక్కదు.

జర్మను నేర్పు కార్యమునకు వనరులు మనకు లేకపోలేదు. ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా మన ప్రజలు చెల్లించుచున్నారు. ఆ ధనముతో నడచు శాఖా గ్రంథాలయములలో, నందిగామలో ఒకచోట, జగ్గయ్యపేటలో ఒకచోట, జర్మను వ్యాకరణములు, నిఘంటువులు, అభ్యాస పుస్తకములు గల ఒక బీరువాయు, సాయంకాలమున నేర్చుకొనువారు కూడియుండుటకు ఒక గదియు ఏర్పరచుట జిల్లా గ్రంథాలయ సంస్థకు భారము కాదు. హైదరాబాదు గోథే కేంద్రము పరీక్షలు నడుపుచున్నది. ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము జర్మను పట్టభద్రులను తయారుచేయుచున్నది. వారిలో ఒకరిని వారాంతములందు రప్పించి బోధింపజేయుటకు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు పూనుకొనవచ్చును.

తల్లిదండ్రులకు నేను చేయు మనవి యొక్కటే. బ్యాంకు అప్పునకు సంతకము పెట్టుటకు పూర్వము, మీ బిడ్డ జర్మను వార్తాపత్రికలోని ఒక వార్తను చదివి మీకు తెలుగులో వివరించి చెప్పగలుగుచున్నాడో లేదో పరీక్షింపుడు. చెప్పగలిగినచో నిస్సంశయముగా పంపుడు. చెప్పలేనిచో ఇంకొక సంవత్సరము ఇంటనుంచి భాష నేర్పింపుడు. ఏటేట శీతకాలపు సెమిస్టరు అక్టోబరున వచ్చుచునే యుండును.