నేల చెప్పే కథలు: పెద్దబంకూరులో రోమను నాణాలు

పిల్లలూ! ఇంగ్లండు దేశపు దక్షిణ తీరాన ఫిష్‌బోర్న్ అనే ఊరున్నది. 1960లో అక్కడ నీటిగొట్టం వేయటానికి కందకం తవ్వుతుండగా పాతకాలపు కట్టడం ఒకటి బయటపడింది. పండితులు వచ్చి, నెమ్మదిగా మట్టి తొలగించి చూస్తే, అది రోమనుల నాటి పెద్ద మేడ! రంగురాళ్ల ముక్కలు పేర్చి గచ్చుమీద తీర్చిన బొమ్మలు కూడా కనిపించాయి. వాటిలో ఒకటి డాల్ఫిను మీద ఎక్కి సవారి చేసే రెక్కల బాలుడిది.

రోము నగరానికి అంత దూరాన రోమను మేడ ఎందుకున్నది? క్రీ.శ. 43లో రోమను సేనలు ఆ దేశంమీద దండెత్తి గెలిచాయి. ఆ తరవాత దాదాపు 360 ఏళ్లు అక్కడ రోమనుల పాలన సాగింది.

ఇక మన పెద్దపల్లి దగ్గరకు వద్దాం. ఇది ఇదివరకు కరీంనగరం జిల్లాలో ఉండేది. ఇక్కడి పెద్దబంకూరులో 1960ల చివర మొదలుపెట్టి పురావస్తు శాఖవారు తవ్వకాలు జరిపారు. శాతవాహనుల నాటి ఇటుక గోడలు, ఇటుకలతో కట్టిన బావులు, కాల్చిన మట్టి వరలు ఒకదానిమీద ఒకటి దించిన బావులు బయటపడ్డాయి. శాతవాహనుల నాణాలు వేలకొద్దీ దొరికాయి. వాటితోపాటు రోమను చక్రవర్తులు ఆగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణాలు కూడా దొరికాయి!

మన దేశంమీదికి రోమను సైన్యం ఎన్నడూ రాలేదు. మరి ఆ నాణాలు ఎలా వచ్చాయి?

వర్తకం వల్ల వచ్చాయి. ఆ రోజుల్లో ఈజిప్టు రేవుల నుంచి ఓడలు ఋతుపవనాల సాయంతో మన పడమటి తీరానికి వచ్చేవి. మిరియాలు, సన్నని నూలుబట్టలు, రంగురాళ్లు, దంతం కొనుక్కుపోయేవి. గోదావరి ఒడ్డున ఉన్న శాతవాహనుల పట్టణం పైఠను నుంచి బళ్లమీద సరుకులు భరుకచ్ఛం రేవుకు వెళ్లేవి. అదే గోదావరి దిగువన మన కోటిలింగాల ఉన్నది. "మన సొమ్ము ఏటా ఇండియాకు పోతున్నదే!" అని ప్లినీ అనే రోమను రచయిత వాపోయాడు. ఏడాదికి అయిదు కోట్ల సెస్టర్సులని ఆయన లెక్క. ఆంధ్రులకు ప్రాకారాలున్న పట్టణాలు ముప్ఫై ఉన్నాయని రాసినవాడు కూడా ఆయనే.

చూశారా! రోము ఏలికగా వెళ్లినచోట మేడలు మిగిలాయి. కొనుగోలుదారుగా వచ్చినచోట డబ్బు మిగిలింది.

నాణెం ఇంకొక మాట కూడా చెబుతుంది. టైబీరియస్ క్రీ.శ. 14 నుంచి 37 వరకు పాలించాడు. కదలని మట్టిపొరలో అతని నాణెం దొరికితే, ఆ పొర 14వ సంవత్సరానికి ముందుది కాజాలదు. నాణెం చాలా ఏళ్లు చేతులు మారి ఉండవచ్చు గనుక, తరవాతిది కావచ్చు. పక్కనున్న కుండపెంకులు, ఇటుకలు ఏ కాలానివో తేల్చటానికి కూడా అదే ఆధారం.

కాని ఎవరైనా ఆ నాణాన్ని పెరికి జేబులో వేసుకుంటే? అది ఏ పొరలో, వేటి పక్కన ఉన్నదో ఇక ఎవరికీ తెలియదు. నాణెం మిగులుతుంది, కథ సగం పోతుంది.

కోటిలింగాలలో ఊరివాళ్లకు దొరికిన నాణాలు పండితుల దాకా చేరబట్టే, శాతవాహన వంశానికి మూలపురుషుడైన శ్రీముఖుడి పేరు గల నాణాలు అక్కడ ఉన్నాయని లోకానికి తెలిసింది. ఆ పాతచోటులో కొంత భాగం నేడు ఎల్లంపల్లి జలాశయపు నీళ్ల కింద ఉన్నది. ఇక మిగిలిన దిబ్బలనైనా మనం కాపాడుకోవాలి.

కనుక, వానలు వెలిసిన తరవాత మీ ఊరి పాటిమీద పాత నాణెమో, పూసో, పెద్ద ఇటుకో కనిపిస్తే తవ్వకండి. ఆ చోటు గుర్తు పెట్టుకుని, మీ మాస్టారితోనూ, అమ్మా నాన్నలతోనూ చెప్పండి. వారు తహసీలుదారుకో, పురావస్తు శాఖకో తెలియజేస్తారు. రెండువేల ఏళ్లుగా నేల దాచిన మాట మీవల్ల నలుగురికీ వినిపించవచ్చు!