అర్ధరథుడు



ఈ నెల మా ముచ్చట వంటయింటిది కాదు, ఆటస్థలమునది. క్రికెట్టుతో స్త్రీలకేమి పనియని కొందఱు నవ్వవచ్చును. ఇంట మగపిల్లలున్న తల్లులకును, పిన్నమ్మలకును, పెద్దమ్మలకును ఆ పని యున్నదని మనవిచేయుచున్నాము.

మా ఇబ్రహీంపట్నమున వరికోతలు ముగియగానే ఎండిన మళ్ళన్నియు ఆటస్థలములగును. మా యింట మా మఱదిగారి కుమారుడు, పదునైదేండ్లవాడు, పెరుగుచున్నాడు. వాని తండ్రి ఈ ప్రాంతపు పెక్కండ్రవలెనే దుబాయిలో కష్టించుచున్నాడు. మా యింటివారు బడిపంతులు. ఆటలనాడు అంపైరును వారే. గడచిన మాసమున నొకనాడు వారు పిల్లవానిని అవుటని వ్రేలెత్తిరి. బంతి బ్యాటునకు తగులలేదని వాడు, తగిలినదని వీరు. వాడు కోపము పట్టలేక బ్యాటును గిరవాటు వేయగా, అది పోయి యొక చిన్నవాని కాలికి తగిలెను. వెంటనే వీరు పిల్లలందఱి యెదుట, ఇట్టివాడు జట్టునకు పనికిరాడని పలికి, మెట్‌పల్లిలో జరుగనున్న పోటీనుండి వాని పేరు కొట్టివేసిరి.

వాడింటికి వచ్చి, "నేనిగ ఆడనే ఆడ పెద్దమ్మా" అని గోడవైపు తిరిగి పండుకొనెను. మూడు దినములు బడికి పోలేదు. ఆట మానినచో చదువైన వచ్చునని మా తోడికోడలు సంతసించెను. నాలుగు దినములలో వాడే దారికి వచ్చునని మా యింటివారనిరి. మాకు మాత్రము ముద్ద దిగలేదు. ఏలయన ఇట్టి కథనే మఱియొకదానిని ఇరువదియేండ్లపాటు మేము కన్నార చూచియుంటిమి. ఆ కథకు నాయకుడు అంబటి రాయుడు.

ఆయన 1985వ సంవత్సరమున గుంటూరున జన్మించి హైదరాబాదు జట్టున పెరిగినవాడు. మా తండ్రిగారు మాకు ఇంట భారతము చెప్పుచున్న ఆ దినములలో మా అన్నలు పత్రికలోని ఆటలపుటను ముందుగా చింపి దాచుకొనెడివారు. 2002వ సంవత్సరమున నొకనాడు వారి యానందమునకు మేర లేదు. రంజీ పోటీలో ఆంధ్ర జట్టుపై, ఒకే యాటలో, పదునేడేండ్ల రాయుడు మొదట 210 పరుగులు, మరల అజేయుడై 159 పరుగులు చేసెను. ఆ యేడే ఇంగ్లండున, పందొమ్మిదేండ్లలోపు వారి పోటీలో, ఒక్కడై నిలిచి 177 పరుగులు చేసియుండెను. 2004వ సంవత్సరమున బంగ్లాదేశమున జరిగిన బాలుర ప్రపంచపోటీలో భారతజట్టునకు నాయకుడాయెను. ఇతడే రేపటి సచినని మా అన్నలు పందెములు కట్టిరి. నాడు ఆయన నాయకత్వమున ఆడిన శిఖర్ ధావనుడు, సురేశ్ రైనా మొదలగువారు పెద్దల జట్టులో చేరి పేరు తెచ్చుకొనుచుండ, నాయకుడు మాత్రము వెనుకబడెను.

ఏల? ప్రజ్ఞ తఱుగలేదు, కలహములు పెరిగినవి. హైదరాబాదు జట్టువారితో పొసగక 2005వ సంవత్సరమున ఆంధ్ర జట్టున చేరెను. ఆ రెండు జట్లు తలపడినపుడు మైదానముననే మాట పెరిగి చేతులదాక వచ్చినది. పిమ్మట 2007లో క్రికెట్టు బోర్డు అంగీకరింపని లీగులో చేరి, దేశమునకు ఆడు అర్హతను పోగొట్టుకొనెను. 2009లో క్షమాభిక్ష లభించినది. కడపట 2013 జులై 24న, హరారే నగరమున, ఇరువదియేడేండ్ల వయసున భారతజట్టు వేషము తొడిగి, తొలియాటలోనే అజేయుడై 63 పరుగులు చేసెను. పదేండ్లు ఎదురుచూచిన మా అన్నలు ఆ రాత్రి మా యింటికి ఫోను చేసి, మాటరాక ఊరకుండిరి.

అయినను కోపము విడువలేదు. 2018 జనవరిలో విశాఖపట్టణమున కర్ణాటకతో జరిగిన యాట వినుడు. హైదరాబాదు ఆటగాడొకడు బౌండరీకడ బంతి నాపునపుడు కాలు తాడునకు తగిలెను. తగిలినచో నాలుగు పరుగులని నియమము. అంపైర్లు రెండే యిచ్చి, తక్కిన రెండు తరువాత కలిపిరి. హైదరాబాదు సరిగా ఆ రెండు పరుగుల తేడాతోనే ఓడెను. నాయకుడైన రాయుడు మైదానము వదలక వాదించెను. లెక్క ఆలస్యముగా సరిదిద్దుట తప్పేయనుకొందము. మూల్యము చెల్లించినదెవరు? ఆయనయే. బోర్డు ఆయనపై రెండాటల నిషేధము విధించెను. న్యాయము తన పక్షమున కొంత యున్నప్పుడు వచ్చు కోపమే మిక్కిలి అపాయకరమని మేమానాడు గ్రహించితిమి.

ఆ యేడే ఐ.పి.ఎల్. పోటీలలో చెన్నై పక్షమున 602 పరుగులు చేసి మరల భారతజట్టున చేరెను. 2019 ఫిబ్రవరిలో, వెల్లింగ్టనులో, మనవారు 18 పరుగులకే నాలుగు వికెట్లు పోగొట్టుకొన్న వేళ నిలిచి 90 పరుగులు చేసి ఆట గెలిపించెను. ఇక ప్రపంచపోటీకి పోవుట నిశ్చయమనుకొంటిమి. ఏప్రిల్ 15న ప్రకటించిన జట్టులో ఆయన పేరు లేదు. ఎన్నికైన విజయ్ శంకర్ బ్యాటు, బంతి, ఫీల్డింగు మూడింటను అక్కఱకు వచ్చువాడని ఎన్నికసంఘపు అధ్యక్షులు కారణము చెప్పిరి. మూడు కొలతలు కనబడు కొత్త కండ్లజోడు తెప్పించుకొని ప్రపంచపోటీ చూచెదనని రాయుడు ఎకసక్కెముగా ప్రకటించెను. పిమ్మట ఇద్దఱు ఆటగాండ్రు గాయపడినను ఆయనకు పిలుపు రాలేదు. జులై 3న ఆట విరమించితిననెను. వారము తిరుగకుండ మాంచెస్టరులో మనవారి మొదటి మువ్వురును ఒక్కొక్క పరుగునకే వెనుదిరిగిరి. 18 పరుగుల తేడాతో ఓటమి. ఆయన యుండిన గెలిచెడివారమని మా యింట వాదము. ఎవరు చెప్పగలరు? ఆగస్టులో ఆయన విరమణను వెనుకకు తీసికొనెను గాని, భారతజట్టు తలుపు మరల తెఱువబడలేదు.

భారతము చదివిన సోదరీమణులకు ఇచట కర్ణుడు జ్ఞప్తికి రాకమానడు. ఉద్యోగపర్వమున భీష్ముడు దుర్యోధనుని కోరికపై రథికులను, అతిరథులను లెక్కించుచు కర్ణుని అర్ధరథుడనెను. నిండుకొలువులో ఆ మాట విని కర్ణుడు మండిపడి, భీష్ముడు బ్రతికియున్నంతవఱకు ఆయుధము పట్టనని ప్రతినబూనెను. పదిదినములు యుద్ధము జరుగుచుండ మహావీరుడు శిబిరమున కూర్చుండెను. తుదకు భీష్ముడు అంపశయ్యపై ఒఱిగిన పిదప కర్ణుడు కన్నీటితో దరిచేరగా, ఆ వృద్ధుడు అతని శౌర్యమును మనసార మెచ్చుకొనెను. ఆ మెచ్చుకోలు పదిదినములకు ముందు వచ్చియుండిన ఎంత బాగుండెడిది! పెద్దవాడు సభలో తూచెను, ఏకాంతమున మెచ్చెను. చిన్నవాడు మాటకు అలిగి, తన్ను నమ్మినవానికే నష్టము చేసెను. తప్పు ఇరువురిది.

మఱి ప్రేక్షకులమైన మనమో? రాయుడు అలిగిన ప్రతిసారి మేము చప్పట్లు కొట్టితిమి. కండ్లజోడు మాటకు మా యింటిల్లిపాది నవ్వితిమి. మనవాడు తల వంచడు చూడుమని మురిసితిమి. ఆ మురిపెము అగ్నిలో పోసిన నేయి. ఈ తప్పు మన దేశమునకే పరిమితము కాదు. అమెరికావారి బేస్‌బాల్ ఆటలో దూరమున నిలిచి బంతిని పట్టువారిలో జిమ్మీ పియర్సాల్ అను యువకుడు మేటి. తండ్రి మితిమీరిన ఆశలతో పెంచినవాడు. 1952వ సంవత్సరమున మైదానమున వెఱ్ఱిచేష్టలు చేయుచుండ జనులు విరగబడి నవ్విరి, ఇంకను చేయుమని ప్రోత్సహించిరి. అది మనోవ్యాధియని తెలియునప్పటికి అతడు ఆసుపత్రి పాలాయెను. చికిత్సపొంది మరుసటి యేడే తిరిగివచ్చి, బహువత్సరములు ఆడి, తన కథను దాచక గ్రంథముగా ప్రకటించెను. వ్యాధి వేఱు, కోపము వేఱు; రాయుని కథతో దానిని కలుపుట లేదు. చూచువారి చప్పట్లు రెండింటికిని చేటేయని మాత్రమే మా భావము.

మఱియొక తప్పును మేము చేసితిమి. ఎంతటివాడు కావలసినవాడో యని ఇరువదియేండ్లు నిట్టూర్చితిమి, ఎంతటివాడైనాడో లెక్కింపలేదు. భారతజట్టున 55 ఏకదినపోటీలలో 1,694 పరుగులు, 47కు మించిన సగటు, మూడు శతకములు. ఐ.పి.ఎల్.లో ముంబయితో మూడుసార్లు, చెన్నైతో మూడుసార్లు విజేత. 2023 మే నెలలో, అహమ్మదాబాదున, ఇదే నా కడపటి యాటయని ముందే చెప్పి దిగి, ఎనిమిది బంతులలో 19 పరుగులు చేసి జట్టు విజయమునకు తోడ్పడెను. బహుమతి నందుకొన నాయకుడు ధోనీ తాను ముందు పోక రాయుని ముందుకు పిలిచెను. అందఱి యెదుట పిలిచెను. అదియే మా కండ్ల నీరు తెప్పించినది. ఆ నిండుజీవితమును అర్ధరథముగా తూచినవారిలో మేమును ఉంటిమిగదా!

ఈ తలపోతతో నాలుగవనాటి రాత్రి భోజనానంతరమున మా యింటివారితో మాటాడితిమి. శిక్ష తీసివేయుమని కోరలేదు. చిన్నవాని కాలు కమిలినది, శిక్ష తగినదే. "పనికిరాడను మాట శిక్ష కాదు, తీర్పు. శిక్షకు గడువుండును, తీర్పునకు ఉండదు. వాడు ఎన్నాళ్ళకు మరల ఆడవచ్చునో వానికి మీరే చెప్పుడు. సభలో అన్నమాటను సభలోనే సవరింపుడు" అంటిమి. వారు చాలసేపు పలుకలేదు. భీష్ముని ప్రసక్తి తెచ్చితిమా యని అడుగవచ్చును, తేలేదు. పంతులుగారికి పురాణము చెప్పరాదు.

తెల్లవాఱిన తరువాత పిల్లవానిని మేము లేపితిమి. న్యాయము నీదే కావచ్చును, బంతి తగులలేదనియే యనుకొందము, కాని బ్యాటు తగిలినది నిజముగదా యంటిమి. వాడు చాలసేపు మా వైపు చూడలేదు. పిదప లేచి, ముఖము కడుగుకొని, దెబ్బతగిలిన చిన్నవాని యింటికి తానే పోయెను. బడిలో మా యింటివారు పిల్లల నందఱిని పిలిచి, ఇతనికి నిషేధము ఈ యొక్క పోటీకే, తరువాతి యాటకు వీడు కావలెనని చెప్పిరట. ఈ పోటీకి మాత్రము పరుగులలెక్క వ్రాయు పని వానిదని నిర్ణయించిరి.

మెట్‌పల్లికి జట్టుతో పోయి, బౌండరీతాడు అవతల ఎండలో కూర్చుండి, ప్రతిబంతికి చుక్క పెట్టి లెక్క వ్రాసివచ్చినాడు. సాయంకాలము గెలిచిరా యని అడిగితిమి. "ఓడినం పెద్దమ్మా. పదకొండు పరుగులు తక్కువైనయ్" అనెను. నేనుండిన గెలిచెడివారమని యనునేమో యని ఎదురుచూచితిమి. అనలేదు. లెక్కపుస్తకమును గూటిలో జాగ్రత్తగా పెట్టి, ఆకలిగానున్నదని పీట వాల్చుకొనెను.

వాడు పెద్దయాటగాడగునో, కాడో మాకు తెలియదు. ఆనాడు వాడు పెట్టుకొన్న చుక్కలలో ఒక్కటియు తప్పు లేదని మా యింటివారు రాత్రి పుస్తకము సరిచూచి, మఱునాటివఱకు ఆగక, వానిని లేపి చెప్పిరి.