చలి కూడా దిగుమతేనా?

క్వాంటమ్ కంప్యూటర్ల మీద ఢిల్లీలో ఏ సభ జరిగినా క్యూబిట్ల లెక్క చెబుతారు, కోట్ల లెక్క చెబుతారు. ఆ యంత్రానికి కావలసిన చలి ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం చెప్పరు. ఈ వారం విన్న ప్రసంగమూ అంతే. ఒళ్లు మండింది.

జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 2023లో కేంద్రం 6,003 కోట్లు మంజూరు చేసింది. సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లు పనిచేయాలంటే పరమశూన్యానికి డిగ్రీలో నూరోవంతు దూరం దాకా దిగాలి. అంత చలి పుట్టించే యంత్రాలకు హీలియం-3 కావాలి. ట్రిటియం క్షీణించగా చిక్కే ఆ వాయువు అడిగినప్పుడల్లా దొరికేది కాదు.

వేరే దారి ఉంది. కొన్ని స్ఫటికాల్లో అయస్కాంత పరమాణువులు త్రిభుజాలుగా అమరి ఉంటాయి. ప్రతిదీ పక్కదానికి ఎదురు దిశలో నిలవాలని చూస్తుంది. రెండు ఎదురెదురుగా నిలిచాక మూడోది ఎటు తిరగాలి? ఎటు తిరిగినా ఒకదానితో పేచీయే. దీన్నే ఫ్రస్ట్రేషన్ అంటారు. మామూలు అయస్కాంతాలు ఓ వరసలోకి వచ్చేసే చలిలో కూడా ఇవి చెదిరే ఉంటాయి. బలమైన అయస్కాంత క్షేత్రం పెడితే అన్నీ ఒకే వైపు తిరిగి వేడిని వదులుతాయి. ఆ వేడిని బయటికి పంపి, మళ్లీ లోపలికి రాకుండా కట్టడి చేసి, క్షేత్రాన్ని తగ్గిస్తే చాలు. అవి తిరిగి చెదురుతాయి. అందుకు కావలసిన వేడిని స్ఫటికం నుంచే లాక్కుంటాయి.

ఇలా క్షేత్రం తగ్గించే పద్ధతితోనే, మామూలు గడోలినియం లవణం వాడి శాస్త్రవేత్త గియాక్ 1933లోనే కెల్విన్‌లో నాలుగోవంతుకు దిగాడు. ఫ్రస్ట్రేషన్ ఉన్న పదార్థాలు ఇంకా బాగా చల్లబరుస్తాయని 2003లో భౌతిక శాస్త్రవేత్త జిటోమిర్‌స్కీ లెక్కగట్టాడు. 2024లో చైనా బృందం కోబాల్ట్ ఫాస్ఫేట్ స్ఫటికంతో 94 మిల్లీకెల్విన్లకు చేరింది. క్యూబిట్లకు ఇంకా దిగాలి, నిజమే. కానీ ఆ మెట్లు వాళ్లు దిగుతున్నారు, మనం టెండర్లు పిలుస్తున్నాం.

ఈ విద్య మనకు కొత్తా? స్ఫటికాల అయస్కాంత గుణాలను ఢాకాలో, కలకత్తాలో కొలిచిన కె.ఎస్.కృష్ణన్‌నే ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీకి తొలి డైరెక్టరుగా తెచ్చుకున్నాం. 1950లో ఆ భవనం తెరిచారు. ఆ దశకంలోనే అక్కడ ద్రవ హీలియం తయారైంది. మన సూరి భగవంతం గారు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఢిల్లీలో ఉంటూనే స్ఫటికాల సౌష్ఠవం మీద పరిశోధన సాగించారు, 1966లో పుస్తకం కూడా వేశారు. ఆ వారసత్వం ఉన్న ఊళ్లో చలిని కొనుక్కోవడమేమిటి?

అసలు స్ఫటికాలు పెంచేదెవరు? రోజుల తరబడి కొలిమి పక్కన కాపలా కాసేదెవరు? పరిశోధక విద్యార్థులు. వాళ్లకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌ను నెలకు 37,000కు పెంచామని 2023లో ప్రకటించారు. ఆ డబ్బు నెలనెలా చేతికి అందితే కదా! శ్రీకాకుళం నుంచి, నల్లగొండ నుంచి వచ్చిన పిల్లలు ఢిల్లీ మునిర్కాలోని ఇరుకు గదుల్లో ఉంటూ అద్దె కోసం అప్పులు చేస్తున్నారు. దస్త్రం ఏ బల్ల మీద ఆగిందో చెప్పే నాథుడు లేడు. ఫోన్ చేస్తే ఎత్తరు, ఉత్తరం రాస్తే జవాబుండదు. ఉద్యోగులకు జీతం పడే రోజే వీళ్లకూ ఫెలోషిప్ పడాలి. బకాయిలన్నీ ఈ నెలలోనే తీర్చాలి.