మోగని గంట

కొరియా ధారావాహికలు మన ఇళ్లలోకి ఎప్పుడు ప్రవేశించాయో పెద్దలకు తెలియదు. తెలిసేసరికి పిల్లలు ఆ భాషలో నాలుగు మాటలు సైతం నేర్చుకొని ఉన్నారు. రాజమండ్రిలోనైనా, పాలకొల్లులోనైనా ఇషా నమాజు తరువాత దుప్పటి చాటున వెలిగే ఫోనులో అవే కనిపిస్తున్నాయి. అవేమిటో చూడకుండానే మందలించుట సబబుగా తోచక, ఇంటి ఆడపిల్లల సరసన కూర్చొని వారు మెచ్చిన 'లవ్ అలారం' రెండవ సీజన్‌ను మేమూ చూశాము. మొదటిది 2019లోనూ, ఇది 2021 మార్చిలోనూ నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడ్డాయి. రెండవది ఆరు భాగాలే.

కథకు మూలం ఒక యాప్. మనలను ప్రేమించే వ్యక్తి పది మీటర్ల లోపు ఉంటే ఫోను మోగుతుంది. ఇక నోటితో చెప్పవలసిన పని లేదు, అడగవలసిన పనీ లేదు. మోగినవారు గొప్పవారు, మోగనివారు నలుగురిలో చులకన. తల్లిదండ్రులను కోల్పోయి బంధువుల పంచన పెరిగిన జోజో అనే యువతి తన ఫోనుకు ఒక కవచం పెట్టించుకున్నది. దాని వలన ఆమె ఎవరిని ప్రేమించినా వారి ఫోను మోగదు. ఆమె ఎవరివైపు మొగ్గునో తేల్చకుండానే మొదటి సీజన్‌ ముగిసింది.

రెండవ సీజన్‌లో ఆమె హ్యే యంగ్‌ వైపు నిలుస్తుంది. అతడు శ్రీమంతుల ఇంట పనిచేసే స్త్రీ కుమారుడు. ఆ ఇంటి బిడ్డ సన్ ఓ అతని మిత్రుడే, ఆమె మొదట ప్రేమించినదీ అతడినే. మా పిల్లలలో సగం మంది సన్ ఓ పక్షం. (ఆ విషయమై మా ఇంట జరిగిన వాగ్వాదం ఇక్కడ వ్రాయదగినది కాదు.) హ్యే యంగ్‌ ఫోను మాత్రం మోగదు. అయినా అతడు ఆమెను నిలదీయడు. ఆమె ముఖం చూస్తాడు, మాట వింటాడు, వేచి ఉంటాడు.

నికాహ్‌కు ముందు యువతీయువకుల ఈ చెలిమి మన పద్ధతి కాదు. ఆ మాట పిల్లలతోనూ చెప్పాము. ముద్దు సన్నివేశాలు వచ్చినప్పుడు ఫోను చేతులు మారిన సంగతీ దాచము. కానీ మోగని మనసును ఎట్లా తెలుసుకోవాలన్న ప్రశ్న కొరియా వారిది మాత్రమే కాదు.

సిగ్గరి అయిన కన్యకకు మౌనమే అంగీకారమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సెలవిచ్చినట్లు హదీసులలో ఉన్నది. ఇది అందరికీ కంఠస్థమే. ఖన్సా బిన్తె ఖిజామ్ (రజి) తన తండ్రి జరిపిన వివాహం తనకు ఇష్టం లేదని విన్నవించగా ఆయనే ఆ వివాహాన్ని రద్దు చేసిన సంగతి మాత్రం పెళ్లిమాటల వేళ ఎవరికీ గుర్తుకు రాదు. సిగ్గుతో పుట్టిన మౌనం వేరు, భయంతో పుట్టిన మౌనం వేరు. వకీలు, ఇద్దరు సాక్షులు తలుపు వద్ద నిలిచి అడిగే ఆ అరనిమిషంలో ఈ భేదం తెలియదు.

కోనసీమ నుండి, పశ్చిమ గోదావరి పల్లెల నుండి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన తల్లులెందరో ఉన్నారు. మేమెరిగిన ఒక తల్లి కూడా అట్లా వెళ్లినదే. భర్త గతించాడు, కూతురు దాదీ వద్ద పెరిగినది. చాచా మంచి సంబంధమే తెచ్చాడు. అడిగితే పిల్ల తలవంచుకున్నది. "ఒప్పుకున్నది" అని చాచా కువైట్‌కు కబురు చేశాడు. మహ్ర్ మాటలు కూడా మొదలైనవి.

ఆ తల్లికి యజమానుల ఇంట పని తీరేసరికి అక్కడ రాత్రి పదకొండు గంటలు, ఇక్కడ ఒకటిన్నర. ఆ వేళ కూతురికి ఫోను చేసి డాబా పైకి వెళ్లమన్నది. "బేటీ, చాచా చెప్పినది విన్నాను. నీవు చెప్పేది ఇంకా వినలేదు" అన్నది. పిల్ల చాలాసేపు పలుకలేదు. తల్లి ఫోను పెట్టనూ లేదు, మరల అడగనూ లేదు. చివరికి పిల్ల ఏడ్చినది. డిగ్రీ చివరి సంవత్సరం మిగిలి ఉన్నదనీ, వచ్చిన వరుని మాటతీరు చూస్తే భయం కలిగినదనీ, కాదంటే అమ్మ పంపిన డబ్బు వృథా చేసినదాననవుతానేమోనని నోరు మెదపలేదనీ చెప్పినది.

పది మీటర్ల యాప్‌కు ఆ ఏడుపు అందదు. సముద్రానికి ఆవల ఉన్న తల్లికి అందినది.

సంబంధం వెనక్కి పోయినది. చాచాకు నలుగురిలో మాట పోయినదని కోపం వచ్చినది. ఆ కోపంలో కొంత న్యాయం లేకపోలేదు, మాట ఇచ్చినవాడు అతడే కదా. రెండు నెలలు ఆ గడప తొక్కలేదు. ఈదుల్ ఫిత్ర్ నాడు మాత్రం నమాజు నుండి నేరుగా వచ్చి, షీర్ ఖుర్మా గిన్నె అందుకొని, పరీక్షలు ఎప్పుడని పిల్లనే అడిగాడు.