కాటా ఒకరిది, కంప్యూటరు ఒకరిది

మన కాలేజీలో ఎవర్ని కదిలించినా రెండే మాటలు. ఒకడు ఇంజనీరవుతానంటాడు, ఒకడు మార్కెటింగులో చేరతానంటాడు. మొదటివాడు వస్తువు తయారుచేస్తాడు, రెండోవాడు దాన్ని జనం దగ్గరికి చేరుస్తాడు. ఈ ఇద్దరూ పక్కపక్క గదుల్లోనే వుండి మాట్లాడుకోకపోతే నష్టం ఎవరికి? కంపెనీకని అందరూ అంటారు. రైతుకని నేనంటాను. వ్యవసాయదారుడి కొడుకుని గనక నా ఉదాహరణలు పొలం గట్టు మీదివే. మిత్రులు మన్నించాలి.

మన బెజవాడనే తీసుకోండి. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. దాని కింది కాలవలు పొలానికి నీళ్ళివ్వటానికే తవ్వారనుకుంటాం. కాదు, అవి పడవలు నడిచే కాలవలు కూడా. నీటి మట్టం మారేచోట పడవ ఎక్కి దిగటానికి లాకులు కట్టారు. దుగ్గిరాల లాకులని ఇప్పటికీ అంటూనే వున్నాం. ధాన్యం ఆ నీళ్ళ మీదనే బందరు వైపూ, బకింగ్‌హాం కాలవ మీదుగా మద్రాసు వైపూ సాగేది. సాగునీరూ రవాణా కలిసి నడవాలన్నదే సర్ ఆర్థర్ కాటన్ వాదన. అంటే ఆనాటి ఇంజనీరు కాలవ లోతు కొలిచేటప్పుడే సంత ఎటువైపుందో కూడా చూసుకున్నాడన్నమాట. దొరలకు శిస్తు మీద ఆశ లేదని నేననను. అయినా ఆ పనితీరులో నేర్చుకోవలసింది వుంది.

స్వతంత్రం వచ్చాక గుజరాతులోని ఆనంద్ చూపిన దారి ఇంకా గొప్పది. గేదె పాలను పొడి చెయ్యటం కుదరదని విదేశీ నిపుణులు తేల్చేశారు. దలాయా అనే మనవాడు చేసి చూపించాడు. 1955లో ఫ్యాక్టరీ మొదలైంది. కురియన్ గారు స్వయంగా ఇంజనీరు. అయినా 1966లో అమూల్ వెన్న ప్రకటనల పని సిల్వెస్టర్ డకున్హాకు అప్పగించి, అందులో తాను వేలు పెట్టలేదు. తయారుచేసేవాడూ అమ్మేవాడూ ఎవరి విద్య వారిదే గాని, ఇద్దరికీ యజమాని పాలు పోసే రైతే. అందుకే పొత్తు కుదిరింది.

ఇక ఇప్పటి సంగతి. 2016లో కేంద్రం ఇ-నామ్ పెట్టింది. దుగ్గిరాల పసుపు యార్డు కూడా అందులో చేరింది. 2024 నవంబరులో, వాట్సాప్‌లో "హాయ్" అని పంపితే ధాన్యం అమ్మకానికి రోజూ వేళా ఎంచుకునే ఏర్పాటు రాష్ట్రంలో వచ్చింది. మంచిదే, వరసలో నిలబడే బాధ తప్పితే ఎవరికి చేదు? కాని ఫోను వేళ చెబుతుంది గాని గోనె సంచులు తెస్తుందా? లారీ తెస్తుందా? అన్నిటికన్నా ముఖ్యం, తేమ తగాదా తీరుస్తుందా?

ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదని నియమం. తేమ మీటరు నేరుగా నీటిని తూచదు. గింజల్లో విద్యుత్తు ఎలా ప్రవర్తిస్తుందో చూసి, దాన్నిబట్టి లెక్క కడుతుంది. గింజ వేడిగా వున్నా, వరి రకం మారినా, మీటరును సరిచూసి చాలాకాలమైనా అంకె మారుతుంది. ఇది మన ఫిజిక్సు పాఠమే. మొన్నటి పంటకి మా వడ్లలో ఒక మీటరు 17 చూపితే, దించుకునేచోట మరో మీటరు 19 చూపింది. ఏది నిజమో తేల్చే నాథుడు లేడు. బస్తాకి 2 కిలోలు తరుగు తీశారు. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే బస్తాకి 47 రూపాయలు పోయినట్టు. ఎకరాకి 30 బస్తాలనుకుంటే 1,400 పైచిలుకే. కౌలు రైతుకి అది చిన్న సొమ్మా?

దీనికి ప్రోగ్రాం రాసినవాణ్ణి తిట్టి లాభంలేదు. అతనికి కళ్ళం ఎవరు చూపించారు గనక? పూర్వం వరి పనల మీద ఎండి కుప్పకి చేరేది. కోత మిషన్లు వచ్చాక గింజ పచ్చిగానే కళ్ళానికొస్తోంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అటువంటి వానలో తడిసిన ధాన్యానికి, ముందు ఎంచుకున్న వేళ దాటిపోతే గతేమిటి? ఈ ప్రశ్న కొనుగోలు చేసేవాళ్ళకి తెలుసు, రైతుకి తెలుసు. రాసేవాడి చెవిన పడాలి గదా! ఎవరికి వారే యమునా తీరే అయితే ఎంత మంచి యంత్రమైనా అలంకారమే.

నాకు తోచినవి మూడు మాటలు. ఒకటి, ఇలాంటి ఏర్పాట్లు రాసేవారూ కొనుగోలు నడిపేవారూ కలిసి ఒక కోతకాలమైనా కళ్ళంలో గడపాలి. రెండు, కొనేచోటా దించేచోటా వాడే మీటర్లను సీజను మొదట్లోనే రైతుల ఎదుట ఒకే గింజతో సరిచూడాలి. రెండుచోట్ల వచ్చిన అంకెలూ రైతు ఫోనులోకి రావాలి. మూడు, అంకెలు కలవనప్పుడు గింజను తూచి, ఓవెనులో ఎండబెట్టి, మళ్ళీ తూచి తేల్చాలి. ఇంతమందిని కూర్చోబెడితే పని ఆలస్యమవుతుందంటారు కొందరు. లారీ మిల్లు ముందు రెండు రోజులు ఆగటంకన్నా ఆలస్యమా?

ఓవెనూ, సన్నని త్రాసూ మన కెమిస్ట్రీ ల్యాబులో వున్నాయి. చేతులు మనకున్నాయి. వచ్చే కోతలకి ముందే, చుట్టుపక్కల రైతులు తెచ్చిన గింజకి తేమ పరీక్ష మన ల్యాబులో ఉచితంగా చేసిపెట్టేటట్టు యూనియన్ వారు ప్రిన్సిపాలుగారితో మాట్లాడాలని నా విన్నపం. రేపు మనలో ఎవరు ఇంజనీరైనా, ఎవరు మార్కెటింగులో చేరినా, కలిసి పనిచెయ్యటం అక్కడ నేర్చుకోవచ్చు.